ఫాక్స్‌ఫైర్: మనవలు రాసిన పుస్తకం

అమెరికా దక్షిణాన, జార్జియా రాష్ట్రం రేబన్ కౌంటీ కొండల్లో 1966లో బడిపిల్లలు ఒక పత్రిక మొదలుపెట్టారు. అడవిలో పుచ్చిన కట్టె మీద రాత్రిపూట కనిపించే మసక వెలుగు పేరే దానికి పెట్టుకున్నారు: ఫాక్స్‌ఫైర్. టేప్ రికార్డరు పట్టుకుని అవ్వల దగ్గరికీ తాతల దగ్గరికీ వెళ్లారు. దుంగలతో ఇల్లు కట్టడం, పందిని కోసి మాంసం నిల్వచేయడం, చంద్రుడి రాశి చూసి విత్తడం, ఆఖరికి దొంగసారా కాయడం కూడా అడిగి రాసుకున్నారు. 1972లో అవి పుస్తకంగా వచ్చి లక్షల్లో అమ్ముడుపోయాయి. ఆ డబ్బుతో కొండమీద భూమి కొని, పాత ఇళ్లు తెచ్చి నిలబెట్టారు.

మాకు నచ్చింది ముసలివాళ్ల మాటను దిద్దకపోవడం. యాస యాసగానే ఉంది. ఆదిలాబాద్ గోండుల గురించి హైమెన్‌డార్ఫ్ 1948లో అచ్చువేసిన పుస్తకాన్ని మేం గౌరవంగానే చదువుతాం. కానీ అక్కడ చెప్పింది మన తాత, రాసింది పరాయివాడు. ఇక్కడ రాసింది మనవడే.

ఒకటి మాత్రం మింగుడుపడదు. 1819 ఒప్పందం దాకా ఆ నేల చెరోకీలది. పుస్తకంలో మాట్లాడే పెద్దలు ఎక్కువమంది తర్వాత వచ్చి స్థిరపడిన తెల్లవాళ్ల సంతతి. అంతకుముందు అక్కడ విత్తినవాళ్ల కథకు ఆ మొదటి పుస్తకంలో చోటు బాగా తక్కువ. మన బడుల్లో ఈ పని పెట్టుకుంటే పిల్లల నోటుబుక్కులో మొదటి ప్రశ్న ఇదే రాయిస్తాం: ఈ వాగుకు మనవాళ్లు పెట్టిన పేరేమిటి, రికార్డులో ఉన్న పేరేమిటి?