సయాము రైలుబాట : శిలాసాక్ష్యము, వాక్సాక్ష్యము

శాసనము దొరకినచోట కైఫీయతు వెనుకబడుట మన పరిశోధకుల సంప్రదాయము. ఱాయి పలికినపుడు ముసలివాని మాట కట్టుకథ యగును. జహీరాబాదు పొలిమేరలలో వెదకువారును, గోదావరి గట్టున వెదకువారును ఈ పద్ధతినే పాటింతురు. కాకతీయుల కాలనిర్ణయమునకు ఇది చాలవచ్చును. రెండవ ప్రపంచయుద్ధమున జపానుసేనలు సయాము-బర్మా రైలుబాట వెంబడి నెలకొల్పిన నిర్బంధశిబిరముల విషయమున మాత్రము చాలదని నా యభిప్రాయము. మలయా తోటలనుండి ఆ శిబిరములకు తరలింపబడిన భారతీయ కూలీలలో తమిళులతోపాటు తెనుగువారును గలరు గావున ఈ విచారణ మనకు పరాయిది కాదు.

1942 లో మొదలై 1943 అక్టోబరునకు ముగిసిన యీ బాట పొడవు 415 కిలోమీటరులు. దానిని వేసినవారిలో మిత్రరాజ్యముల యుద్ధఖైదీలు 60,000 నకు మించియుండిరి. వారిలో 12,000 మందికి పైగా మడిసిరి. ఎవరు ఎచ్చట పూడ్చబడిరో తోడిఖైదీలు రహస్యముగ వ్రాసి దాచిరి. కొన్ని పత్రములను సమాధులలోనే పాతిపెట్టిరి. అందువలననే 1945 సెప్టెంబరున బయలుదేరిన అన్వేషకులు 144 శ్మశానములలో 10,549 సమాధులను గుర్తింపగలిగిరి. కాంచనబురిలో నేడు వరుసదీరియున్న ఫలకములకు మూలమిదియే. అనగా అచ్చటి ఱాతికి ఆధారము కాగితము. ఆ కాగితమునకు ఆధారము కన్నులార చూచినవాని మాట. శిలయే స్వతంత్రప్రమాణమనువారు ఈ క్రమమును మఱచుచున్నారు.

కూలీలకు అట్టి లేఖకుడు లేకపోయెను. వారు 1,80,000 నకు తక్కువ కారు; మృతులు 90,000 అని యొక లెక్క, అంతకు మించిరని మఱియొక లెక్క. 1943 వానకాలమున కలరా చెలరేగినపుడు వారి శిబిరములే మిక్కిలి నాశనమయ్యెను. 1990 లో కాంచనబురియొద్ద వందలకొలది అస్థిపంజరములు బయల్పడగా అవి ఆసియా కూలీలవని తలచిరి. ఎముక మరణమును చెప్పును గాని పేరు చెప్పదు, భాష చెప్పదు.

ఇక వంతెన మాట. పియేర్ బూల్ అను ఫ్రెంచి రచయిత 1952 లో ప్రకటించిన నవలను, దానినిబట్టి 1957 లో వచ్చిన చలనచిత్రమును లోకమెల్ల ఎఱుగును. బూల్ ఆ బాటపై పనిచేసినవాడు కాడు; యుద్ధమునకు పూర్వము మలయాలో రబ్బరుతోట ఉద్యోగి. తోటకూలీలను దినదినము చూచిన చేయి వ్రాసిన కథలో బరువంతయు సేనానుల పౌరుషముపై పడి, కూలి తెరవెనుకకు పోయెను. ఇది నాకు క్షంతవ్యముగ తోపదు. చిత్రములో వంతెన కొయ్యది, దానిని పేల్చువారు గూఢసైనికులు. నిజమైన ఉక్కువంతెనను 1945 లో విమానములు కూల్చినవి. అది దాటునది మేక్లాంగు నది. కథను నమ్మి వచ్చు యాత్రికులకొఱకు 1960 ప్రాంతమున ఆ నదిభాగమునకే క్వాయి పేరు పెట్టిరి! కమానులలో వంపుదిరిగినవి పాతవి. నడుమ కోణాకారముననున్న రెండును యుద్ధానంతరము అతికినవి. కావున స్థలమును సైతము సాక్షిని ప్రశ్నించినట్లే ప్రశ్నింపవలయును.

వాక్సాక్ష్యమంతయు గ్రాహ్యమనుట లేదు. మొత్తము ఎందఱు చచ్చిరో కూలివాడు తప్పు చెప్పవచ్చును. తన ప్రక్కన పండుకొన్నవాడు తెల్లవాఱి లేవలేదన్నచో ఆ మాటకు బలమెక్కువ. కూలీల శిబిరములకు పంపబడిన ఖైదీవైద్యుల వ్రాతలతో దానిని సరిచూడవచ్చును. పరస్పరపరిచయము లేని ఈ యిరువురి మాటలు కలిసినచోట సంశయమునకు ఎడము తగ్గును.

మెకంజీ కొలువున కావలి సోదరులు ఊరూర వృద్ధులను అడిగి వ్రాయింపకున్నచో మనకు కైఫీయతులే లేవు. పేరాక్ సీమలోని తెనుగు కుటుంబములను నేడు అట్లే అడుగవలయును: పోయినవాని పేరేమి, ఏ తోటనుండి పోయెను, తిరిగివచ్చినవాడు ఏమి చెప్పెను, విన్నవారెవరు? చూచినవారు దాదాపు గతించిరి గావున, దొరకునది చాలవఱకు బిడ్డలు విన్న మాటయే. దానిని విన్న మాటయనియే వ్రాసికొనవలయును.