నిదానంగా వచ్చే తరంగాల సాక్ష్యం

భూమి ఎక్కడ అనుమానంగా అదిరినా అందరికీ జవాబు వెంటనే కావాలి: భూకంపమా, అణు పరీక్షా? సీస్మోగ్రామ్ ముందు కూర్చున్నవాళ్లు మాత్రం కాసేపు ఆగాలి. 5,000 కిలోమీటర్ల దూరం నుంచి పి-తరంగాలు సుమారు 8 నిమిషాల్లో వచ్చేస్తాయి. భూమి పైపొరల వెంబడి నడిచే రేలీ తరంగాలు 24 నిమిషాలకు గాని చేరవు. ఎంతో విలువైన సాక్ష్యం వాటి దగ్గరే ఉంటుంది.

ఆ తరంగాల్ని కొలవడం నాకు ఇష్టమైన పని. ఒక శిఖరం నుంచి మరో శిఖరానికి దాదాపు 20 సెకన్లు. తాపీగా లేస్తాయి, తాపీగా దిగుతాయి. ఉపరితల తరంగాల తీవ్రత 4 ఉంటే, అంత దూరంలో నేల కదిలేది మైక్రాన్‌లో ఐదో వంతుకు మించదు. ఆ కాస్త కదలికనూ పట్టుకుని, పి-తరంగాల తీవ్రత పక్కన పెట్టి చూడాలి.

భూకంపంలో రాళ్లు పగులు వెంబడి ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ జారతాయి. పెద్దదైతే ఆ జారుడు కిలోమీటర్ల మేర, సెకన్ల పాటు సాగుతుంది. పేలుడు చిన్న చోట, రెప్పపాటులో, రాతిని అన్ని వైపులా బయటికి నెట్టేస్తుంది. అందుకే పొట్టి తరంగాలు బలంగా, పొడుగు తరంగాలు నీరసంగా పుడతాయి. పి-తరంగాలు సమానంగా ఉన్నా, పేలుడులో ఉపరితల తీవ్రత సుమారు ఒక అంకె తగ్గుతుంది. అంటే కదలిక పదో వంతే.

ఇంత మంచి కొలమానం కూడా ఒక్కోసారి చాలదు. ఉత్తర కొరియా 2006లో, 2009లో జరిపిన పరీక్షల్లో ఉపరితల తరంగాలు అనుకున్నదానికంటే బలంగా వచ్చాయి. భూకంపాన్నీ పేలుడునూ వేరుచేసే హద్దు గీతనే తర్వాత సవరించాల్సి వచ్చింది. 1997 ఆగస్టు 16న వచ్చిన ఓ చిన్న కంపనం అణు పరీక్షేమోనని అమెరికా రష్యాను అనుమానించింది. తీరా లెక్క తేలాక, అది నోవాయా జెమ్ల్యా పరీక్షా స్థలానికి సుమారు 130 కిలోమీటర్ల దూరాన, కారా సముద్రం అడుగున వచ్చిన భూకంపం. కాబట్టి స్థానం, లోతు, తరంగాల పోలిక అన్నీ కలిపి చూశాకే మాట అనాలి.

1996 నాటి సమగ్ర అణు పరీక్షల నిషేధ ఒప్పందం ఇంకా అమల్లోకి రాలేదు. అయినా అందులో పేర్కొన్న 170 సీస్మిక్ స్టేషన్లలో చాలా వరకు ఇప్పటికే పనిచేస్తున్నాయి. తప్పు చేసిన దేశం దొరకాలి, చేయని దేశం మీద నింద పడకూడదు. ఈ రెండో బాధ్యత మొదటిదానికి ఏమాత్రం తీసిపోదని నా నమ్మకం.