మన కథల్లో లేని కాడు

మన కథల్లో చావులున్నాయి, కాడు లేదు. పాడె లేవగానే రచయిత్రి చూపు వాకిట్లోనే ఆగిపోతుంది. ఆగక ఏం చేస్తుంది? చాలా ఇళ్లలో ఆడవాళ్లని దింపుడు కళ్లం దాటనివ్వరు కదా! శోకం మనది, నిప్పు వాళ్లది. చితి గంటల తరబడి కాలుతుందనీ, అంతా బూడిదైపోదనీ, ఎముకల ముక్కలు మిగులుతాయనీ మనకెవరూ చెప్పరు. ఏరిన ఆ ఎముకలే కుండలో భూపాలపల్లి జిల్లా కాళేశ్వరానికి, ప్రాణహిత గోదావరిలో కలిసేచోటికి చేరతాయి.

2019లో మొదలైన పల్లెప్రగతితో జనగామ, మహబూబాబాద్ పల్లెల్లోనూ వైకుంఠధామాలు లేచాయి. వాటి నమూనాలో ఆడవాళ్లకు వేరే స్నానాల గది ఉంది. గది కట్టారు సరే, దారి ఎవరు తెరుస్తారు? తలకొరివి పెట్టిన కూతురిని పత్రికలు ‘కొడుకై’ పెట్టిందని మెచ్చుకుంటాయి. కూతురుగా పెట్టకూడదా? ఆ మంట దగ్గర తనేం చూసిందో ఆమే రాయాలి. మన కథ అక్కడిదాకా నడవాలి.