ప్రశ్నలు తినేసిన మనిషి

మంగినపూడి తీరం నుంచి బందరు మీదుగా గుడివాడ వైపు వస్తుంటే పెడన దాటాక గుడ్లవల్లేరు. దాని పక్కనే అంగలూరు. త్రిపురనేని గోపీచంద్ 1910లో పుట్టిన ఊరు. దోస్తోయెవ్‌స్కీ అంటే ప్రాణం పెట్టే మిత్రులకు నేను ముందుగా చదవమనేది గోపీచంద్ నవల ‘అసమర్థుని జీవయాత్ర’నే.

కథ నాలుగు ముక్కల్లో అయిపోతుంది. సీతారామారావు కలిగినింటి బిడ్డ. వంశప్రతిష్ఠ నిలబెట్టమన్న తండ్రి మాట పట్టుకుని బంధువులకు పెట్టి పెట్టి ఆస్తి హారతి కర్పూరం చేస్తాడు. ఆస్తితోపాటే మనుషులూ పోతారు.

చితికిపోయినవాణ్ని చూపించి కంటతడి పెట్టించడం పెద్ద కష్టం కాదు. గోపీచంద్ ఆ దారిన పోలేదు. పోయిన ప్రతిదానికీ ఒక సిద్ధాంతం అల్లుకునే మనసును పట్టుకున్నారు. పని చేయబుద్ధి కాకపోతే అది తన బద్ధకమని సీతారామారావు ఒప్పుకోడు. అసలు ఎందుకు చేయాలని అడుగుతాడు. జవాబు తనే చెప్పుకుంటాడు, మరుక్షణం ఆ జవాబునే నిలదీస్తాడు. దయగా మొదలైన ఆలోచన అసహ్యంలో తేలుతుంది. ఆ మలుపు ఎక్కడ తిరిగిందో వెనక్కి వెళ్లి వెతికినా అతుకు కనబడదు. నన్ను కట్టిపడేసే పనితనం ఇదే.

ఇలాంటి పని దోస్తోయెవ్‌స్కీ ‘నేరము - శిక్ష’ (1866) మొదటి భాగంలో ఉంది. కూతురు దూన్యకు లూజిన్‌తో సంబంధం కుదిరిందని కథానాయకుడు రస్కోల్నికోవ్‌కు తల్లి ఉత్తరం రాస్తుంది. లూజిన్ లోపాలన్నీ తనే సర్దిచెబుతూ రాస్తుంది. రస్కోల్నికోవ్ వీధిన పడి నడుస్తూ ఆ ఉత్తరాన్ని మాట మాటా విప్పుతాడు. చెల్లెలు తనకోసమే అమ్ముడుపోతోందని తేల్చుకుంటాడు. ఈ పెళ్లి జరగనివ్వనంటాడు. ఆపడానికి నువ్వెవరని వెంటనే తన మీదికే తిరగబడతాడు. లూజిన్ మీద లేచిన కోపం నాలుగు పేజీల్లో తన గొంతు పట్టుకుంటుంది.

ఇద్దరికీ మధ్య తేడా ఉంది. రస్కోల్నికోవ్ ఆలోచన గొడ్డలితో హత్య దాకా వెళ్లింది. సీతారామారావు ఆలోచనకు బయటికి దారే లేదు, అందుకే చివరికి శ్మశానంలో తన ప్రాణమే తీసుకుంటాడు. రస్కోల్నికోవ్‌కు నేరం చెప్పుకోవడానికి సోన్యా ఉంది. సీతారామారావుకు మంచి చెప్పే రామయ్య తాత ఉన్నాడు, కానీ ఆయన మాటలు ఇతని చెవిన పడతాయే గాని మనసుకెక్కవు. అక్కడక్కడా వాదం ఉపన్యాసమవుతుంది, నిజమే. అయినా అలా వాదించేది సీతారామారావు స్వభావమే కాబట్టి అదీ చెల్లుతుంది.

గోపీచంద్ తండ్రి హేతువాది త్రిపురనేని రామస్వామి చౌదరి. ‘ఎందుకు’ అని అడగడం నేర్పినందుకు కొడుకు ఈ నవలను ఆయనకే అంకితమిచ్చారు. శాస్త్రాలనూ ఆచారాలనూ నిలదీయడానికి తండ్రి పట్టిన ఆయుధమది. అదే ప్రశ్న చేతకానివాడి లోపలికి మళ్లితే మనిషిని ఎలా తినేస్తుందో, ఆ తండ్రికే అంకితమిచ్చిన పుస్తకంలో కొడుకు రాశారు. ప్రశ్నించడం తప్పని మాత్రం ఎక్కడా అనలేదు.