తెలుగునాటి వెలుపల తెలుగు పాఠ్యప్రణాళికలు: కూర్పు, ప్రకటనము

కావ్యమును విమర్శింతుము. వ్యాకరణమును, నిఘంటువును విమర్శింతుము. ఏ కావ్యమును చదువవలెనో, ఏ వ్యాకరణమును నేర్వవలెనో నిర్ణయించు పాఠ్యప్రణాళికను మాత్రము విమర్శించు అలవాటు మనకు లేదు. అది కార్యాలయమునుండి వచ్చిన కాగితమనియు, వచ్చినదానిని వచ్చినట్లు చెప్పి ముగించుటయే ఉపాధ్యాయుని ధర్మమనియు మనలో ఒక భావము పాతుకొనిపోయినది. కాని వేయేండ్ల వాఙ్మయమునుండి ఏడెనిమిది గ్రంథభాగములను ఏరి, తక్కినవానిని విడిచిపెట్టుట సాహిత్యవిమర్శ కాక మరేమగును? తెలుగు రాష్ట్రములలో ప్రణాళిక విడిచిన కవిని విద్యార్థి గ్రంథాలయమునందో, సభయందో, పత్రికయందో కలిసికొనగలడు. హోసూరునందో, బరంపురమునందో, షోలాపురమునందో పెరిగిన విద్యార్థికి ఆ యవకాశము స్వల్పము. అతనికి ప్రణాళికలో ఉన్నదే తెలుగు సాహిత్యము, లేనిది లేనట్లే. కావున మన ప్రాంతములలో ప్రణాళికను కూర్చువారి బాధ్యత తెలుగునాటి వారి బాధ్యతకంటె బరువైనది.

ఈ మాట చెప్పుటకు కళాశాలాచార్యుడే కానక్కరలేదు. అల్పసంఖ్యాకభాషా పాఠశాలలో తెలుగు చెప్పు నావంటివానికిది ఏటేటి అనుభవము. తమిళనాట పట్టపరీక్షకు చదువు విద్యార్థికి మొదటి భాగము భాష, రెండవ భాగము ఇంగ్లీషు, మూడవ భాగము అతడెంచుకొన్న ముఖ్యవిషయము. మొదటి భాగమున తమిళమునకు మారుగా తెలుగు, హిందీ, ఫ్రెంచి మున్నగువానిలో తన కళాశాల నేర్పుదానిని అతడు గైకొనవచ్చును. ప్రవేశపత్రమును నింపునాడు పిల్లవాడును, వాని తండ్రియు పాఠశాలకు వచ్చి అడుగునవి రెండే ప్రశ్నలు: "తెలుగు తీసుకుంటే ఏం చదవాలి సార్? పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి?" ఈ రెంటికిని సమాధానము ప్రణాళికలో ఉండవలెను. లేనినాడు ఆ గడిలో మరియొక భాష పేరు పడును. పాఠశాలలో ఏండ్ల తరబడి పెంచిన తెలుగు అచటనే ఆగిపోవును.

పూర్వము ఈ స్థితి వేరు. 1857లో లండను విశ్వవిద్యాలయపు మాదిరిగా ఏర్పడిన మద్రాసు విశ్వవిద్యాలయము తొలినాళ్ళలో ప్రధానముగా పరీక్షలు జరుపు సంస్థ. బోధన కళాశాలలది; పరీక్ష విశ్వవిద్యాలయముది. బోధించువాడొకడు, పరీక్షించువాడు మరియొకడు అయినప్పుడు ఇరువురి నడుమ సందేహమునకు తావులేని ఒడంబడిక కావలెను. ఆ యొడంబడికయే ముద్రితమైన ప్రణాళిక. విశ్వవిద్యాలయపు క్యాలెండరులో నిబంధనలును, నిర్ణీతగ్రంథముల పట్టికలును, జరిగిన పరీక్షల ప్రశ్నపత్రములును అచ్చగుచుండెడివి. గంజామున చదువు తెలుగు విద్యార్థికిని, బళ్ళారిలో చదువువానికిని, తంజావూరున చదువువానికిని అదియే ఆధారము. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయము వెలసెను. 1936లో గంజాము సీమలో అధికభాగము ఒరిస్సాలో చేరెను. 1953లో ఆంధ్రరాష్ట్రమును, 1956లో భాషాప్రయుక్త రాష్ట్రములును ఏర్పడెను. గోదావరి ఒడ్డుననున్న యానాము సహితము నేడు దూరమందున్న పుదుచ్చేరి విశ్వవిద్యాలయపు పరిధిలోనిది. భాష ఒక్కటిగనే నిలిచినది. దానికి పట్టిక వ్రాయు చేతులు అనేకములైనవి.

పట్టికలో చేరిన పుస్తకమునకు ఎంతటి బలము కలుగునో చూపుటకు నీతిచంద్రిక చాలును. తమిళదేశమందలి శ్రీపెరుంబూదూరున జన్మించి, చెన్నపట్టణమున బోధకుడై యుండిన పరవస్తు చిన్నయసూరి దీనిని 1853లో ప్రకటించెను. అతని బాలవ్యాకరణము 1858లో వెలువడెను. ఒకటి లక్ష్యము, మరియొకటి లక్షణము. రెండును తరగతిగదిలో చేరుటచేత తెలుగు వచనమునకు అదియే ప్రమాణమను భావము స్థిరపడెను. గ్రంథగుణము దీనికి ఒక కారణమే కాని అదియొక్కటే కాదు. తరగతిలో స్థానము, పరీక్షలో ప్రశ్న అను రెండు బలములు దాని వెనుక నిలిచినవి.

ఆ ప్రమాణమును గట్టిగా ప్రశ్నించినవాడును నేటి తెలుగు రాష్ట్రముల ఎల్లకు ఆవలి పట్టణమున బోధించినవాడే. గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడు. ఆ పట్టణము 1936 నుండి ఒడిశాలోనిది. 1912–13 ప్రాంతమున స్కూలు ఫైనలు పరీక్షలో తెలుగు వ్యాసమును కావ్యభాషలోగాని, ఆధునికభాషలోగాని వ్రాయవచ్చునని అధికారులు అనుమతించిరి. జయంతి రామయ్య పంతులు ప్రభృతులు ప్రతిఘటించిరి. 1911లో చెన్నపట్టణమున స్థాపితమైన ఆంధ్రసాహిత్య పరిషత్తు ఆ ప్రతిఘటనకు ఆధారమైనది. కొలదికాలమునకే ఆ యనుమతి వెనుకకు పోయినది. ఎవరిది న్యాయమని నేడు మరల తీర్పు చెప్పనక్కరలేదు, కాలమే చెప్పినది. మనము గమనింపవలసినది వేరు. పరీక్షానిబంధనలోని ఒక్క వాక్యముపై పండితలోకము రెండుగా చీలినది. ఆనాటివారు ప్రణాళికను చదివిరి, కావుననే పోరాడిరి. నేటి మన ప్రణాళికలపై అట్టి వాదము లేకుండుట వాని నిర్దుష్టత్వమువలన కాదు. వానిని చదువువారు లేకపోవుటవలన.

చదివినచో కనిపించు లోపములు ముఖ్యముగా మూడు.

మొదటిది పరిమాణము. నేడు పెక్కు విశ్వవిద్యాలయములు సెమిస్టరును, క్రెడిట్లను అనుసరించుచున్నవి. వారమునకు ఒక గంట బోధన ఒక క్రెడిట్టు. సెమిస్టరునకు 15 వారములనుకొన్నచో మూడు క్రెడిట్ల తెలుగు పత్రమునకు లభించునవి 45 గంటలు. పత్రమును ఐదు భాగములు చేసినచో ఒక్కొక్కదానికి 9 గంటలు. ఒక భాగమున ఆదిపర్వమునుండి 60 పద్యములు నిర్ణయించిరనుకొందము. పద్యమునకు 9 నిమిషములు వచ్చును. ఆ తొమ్మిది నిమిషములలో పదవిభాగము, అన్వయము, తాత్పర్యము, ఛందస్సు, సందర్భము అన్నియు ముగియవలెను. వినువారు వాణిజ్యశాస్త్ర విద్యార్థులు; ఇంట తెలుగు మాటలాడినను తక్కిన పాఠములన్నింటిని వేరొక భాషలో చదివినవారు. ఆ వేగమును వారందుకొనలేరు. అందుకొనలేనిచోట గైడు పుస్తకము ప్రవేశించును, నన్నయ నిష్క్రమించును. 20 పద్యములను నిర్ణయించి, వానిని నోటికి వచ్చునట్లు చదివించుట ఇంతకంటె గౌరవప్రదము. పట్టిక పొడవు పాండిత్యమునకు కొలత కాదు.

రెండవది ఎంపిక. తెలుగు రాష్ట్రములలోని ఏదో ఒక ప్రణాళికను ముందు పెట్టుకొని, కొంత కత్తిరించి, పేరు మార్చి ప్రకటించుట సులభమార్గము. పలుచోట్ల జరుగుచున్నది అదియే. దానివలన విద్యార్థికి కలుగు నష్టమును తంజావూరున చూడవచ్చును. చేమకూర వేంకటకవి విజయవిలాసమును రఘునాథనాయకునికి అంకితమిచ్చినాడు. విజయరాఘవనాయకుని ఆస్థానమున రంగాజమ్మ మన్నారుదాసవిలాసమును రచించినది. కావేరిగట్టున తిరువయ్యారులో త్యాగరాజు తెలుగున పాడినాడు. ఇవి తన నేలపై పుట్టినవని తెలియక ఒక తెలుగు పిల్లవాడు అచటనే పట్టభద్రుడగుచున్నచో అది అతని దోషము కాదు. ఆముక్తమాల్యద కథ నడుచునది శ్రీవిల్లిపుత్తూరున. ఆ యూరి చేరువనున్న కళాశాలలో ఆ కావ్యమును బోధించునప్పుడు వలయు తొలిపరిచయమును ఊరే ఇచ్చును. కర్ణాటకమున మైసూరు సేనాని కళువె వీరరాజు మహాభారతమును తెలుగు వచనముగా వ్రాసెను. పాల్కురికి సోమన బసవపురాణమును భీమకవి 1369లో కన్నడమునకు తెచ్చెను. రెండు భాషలను ఎరిగిన విద్యార్థికి ఆ రెంటిని పక్కపక్కన పెట్టి చూపుట తెలుగు రాష్ట్రముల తరగతిలో దుర్లభమైన భాగ్యము. బెంగుళూరు తరగతిలో సులభసాధ్యము.

ఆధునికుల విషయమును ఇట్టిదే. కోవిల్పట్టి సమీపమందలి ఇడైసెవలు గ్రామమున తెలుగు కుటుంబమున పుట్టిన కి. రాజనారాయణన్ తమిళమున వ్రాసెను. తెలుగు కుటుంబములు దక్షిణమునకు వలసపోయి, అడవిని నరికి, ఊరు కట్టుకొన్న కథను గోపల్ల గ్రామము అను నవలలో చెప్పెను. దాని తరువాతి నవలకు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. తమ పూర్వుల ప్రయాణమును చెప్పు కథ తమిళ తరగతికే చెందినదని మన ప్రణాళికాకర్తలు ఊరకుండనేల? తెలుగు పత్రమున ఒక ప్రకరణమును అనువాదరూపమున చేర్చుటకు ఏ నిబంధనయు అడ్డు రాదు.

దీనికొక ఆక్షేపణ కలదు. అది త్రోసిపుచ్చదగినది కాదు. ప్రాంతీయగ్రంథములతో ప్రణాళికను నింపినచో మన విద్యార్థి జాతీయ అర్హతా పరీక్షలో వెనుకబడునని, ఆ పరీక్షకు ప్రణాళిక దేశమంతట ఒక్కటే యని పెద్దలందురు. స్నాతకోత్తర విద్యార్థి విషయమున ఇది సత్యము. కవిత్రయమును, ప్రబంధములను, భాషాచరిత్రను ఎరుగనివానిని తెలుగు అధ్యాపకునిగా పంపుట అన్యాయము. కాని మొదటి భాగముగా తెలుగు చదువు లెక్కల విద్యార్థి ఆ పరీక్షకు పోవువాడు కాడు. అతనికి కావలసినది తెలుగుతో జీవితాంతము నిలుచు పరిచయము. ఇరువురికిని ఒకే మూసను వాడుటయే పొరపాటు. స్నాతకోత్తర పత్రములలో మూడింట రెండుపాళ్ళు ఉమ్మడి సాహిత్యమును, ఒక పాలు ప్రాంతీయ సాహిత్యమును ఉండవచ్చును. పట్టపరీక్షలోని భాషాపత్రమున ఈ పాలు పెరుగవచ్చును. అందొక భాగమును తన యూరి తెలుగు మాటలను, సామెతలను, పాటలను సేకరించి అర్థము వ్రాయుటకు విడువవచ్చును. ఆ పని తెలుగునాట పుట్టిన గైడు పుస్తకమును చూచి చేయుటకు వీలుకాదు.

మూడవది ప్రకటనము. కూర్పు బాగున్నను ప్రకటనము లోపించినచో ఫలము లేదు. "ఆదిపర్వము, శకుంతలోపాఖ్యానము" అని ఒక పంక్తి వ్రాసిన చాలదు. ఎచట మొదలు, ఎచట ముగింపు? పద్యసంఖ్య ముద్రణ ముద్రణకు మారును. వావిళ్ళవారి ప్రతిలోని సంఖ్య మరియొక ప్రతిలో ఉండకపోవచ్చును. మొదటి పద్యపు ఎత్తుగడను, చివరి పద్యపు ఎత్తుగడను, ముద్రణను, ప్రకాశకుని పేరిచ్చినచో సందేహము తీరును. నా యొద్ద చదివి కళాశాలలో చేరిన ఒక విద్యార్థినికి నిర్ణయించిన వచనగ్రంథము అంగడిలో లేదు. ఆమె అడిగిన గ్రంథాలయములలోను లేదు. అధ్యాపకుని యొద్దనున్న ఒక్క ప్రతి జెరాక్సు చేతులు మారుచు సెమిస్టరు చివర ఆమెను చేరినది. లభ్యముకాని పుస్తకమును నిర్ణయించుట నిర్ణయింపకుండుటతో సమానము.

నేడు ప్రణాళికలు అంతర్జాలమున వెలువడుచున్నవి, ఇది మేలే. కాని యూనికోడు కాని ఖతులతో కూర్చిన తెలుగు వేరొక యంత్రమున తెరచినప్పుడు అర్థములేని గుర్తులగును. ఛాయాచిత్రములుగా ఎక్కించిన పుటలలో వెదకుటకు వీలులేదు. క్రొత్త ప్రణాళికను పెట్టిన దినముననే పాతదానిని తొలగించు ఆచారము మరింత హానికరము. కర్ణాటకమున 2021–22లో జాతీయ విద్యావిధానము ననుసరించి పట్టవిద్యను మార్చిరి. 2024–25 నుండి దానిని విడిచి మూడేండ్ల పద్ధతికి మరలిరి. ఇట్టి మార్పుల నడుమ ఒక పత్రము తప్పిన విద్యార్థి తాను వ్రాయవలసినది ఏ ప్రణాళికయో ఎట్లు తెలిసికొనును? ప్రతి ప్రణాళికపైన అది అమలులోనికి వచ్చిన సంవత్సరము, వర్తించు తరగతులు, ఆమోదించిన సభ, తేదీ ఉండవలెను. పాతవి పాతవిగనే భద్రపరుపబడవలెను.

వీనిని సరిదిద్దుటకు పెద్ద ధనము అక్కరలేదు. పాఠ్యనిర్ణయ సంఘము సిద్ధపరచినదానిని విద్యాపరిషత్తునకు పంపుటకు ముందు ఒక నెల దినములు బహిరంగముగ ఉంచి, పాఠశాలోపాధ్యాయులను సహితము అభిప్రాయమడుగవచ్చును. స్వయంప్రతిపత్తి గల కళాశాలలు తమ ప్రణాళికలను తామే కూర్చుకొనుచున్నవి. వానికిది మరింత సులభము. మన సంఘములు చేయవలసినదియు కలదు. తమిళనాడు, కర్ణాటకము, ఒడిశా, మహారాష్ట్రము, పుదుచ్చేరి విశ్వవిద్యాలయములలోని తెలుగు ప్రణాళికలను మూడేండ్లకొకమారు ఒక్క సంపుటముగా అచ్చువేసి, ప్రతిదానిపై ఒక విమర్శను జోడింపవలెను. అలభ్యములైన నిర్ణీతభాగములను, హక్కులు తీరినవానిని, చిన్న పుస్తకములుగా ముద్రింపవలెను. ఆ సంపుటము ప్రతి తెలుగు పాఠశాలకు ప్రవేశములకు ముందే చేరవలెను. అప్పుడు ప్రవేశపత్రముతో వచ్చిన తండ్రికి ఉపాధ్యాయుడు పుట తెరచి చూపగలడు.