చాటల కాడ దీప పంచాయితీ

భీమ్‌గల్‌లో సీరియల్ రాత్రి ఎనిమిదింటికి అయిపోదు. తెల్లారి బీడీ ఆకు కత్తిరించుడు ముగించి, ఆడవాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకుని వాకిట్లో కూచున్నాక అసలు సంగతి మొదలవుతుంది. రాత్రి దీప అట్లా ఎందుకన్నది? సౌందర్య చూసి కూడా ఎందుకు ఊకున్నది? మోనిత ఏడ్చింది నిజం ఏడుపేనా?

బీడీ పని తెలిసినవాళ్లకు దీని కారణం చెప్పనక్కర్లేదు. తడిపిన తునికాకును కొలతకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టాలి. 25 బీడీలకు ఒక కట్ట, 40 కట్టలయితే వెయ్యి. వెయ్యి చేయాలంటే పొద్దంతా కూచోవాల్సిందే. చేతులకూ కళ్లకూ పని ఉంటుంది, చెవులకూ నోటికీ ఉండదు. పక్కింటి ముచ్చట పెడదామంటే ఆ పక్కింటామె చాట పట్టుకుని అక్కడే కూచుని ఉంటుంది. అందుకని అందరికీ తెలిసిన ఇల్లు ఒకటి కావాలి, ఎవరేమన్నా ఆ ఇంటివాళ్లు నొచ్చుకోకూడదు. అయిదేళ్లకు పైగా మా వాడలో ఆ ఇల్లు 'కార్తీక దీపం' సీరియల్‌లోని డాక్టర్ బాబు కార్తీక్‌ది.

స్టార్ మాలో 'కార్తీక దీపం' 2017 అక్టోబర్‌లో మొదలై 2023 జనవరి దాకా నడిచింది. మలయాళంలో 'కరుత్తముత్తు'గా వచ్చిన కథ అది. దీపగా వేసిన ప్రేమి విశ్వనాథ్ అక్కడా నాయికే. కథ తెలియనివాళ్లు తక్కువే అయినా రెండు మాటల్లో చెప్తాను. నల్లగా ఉండే దీపను డాక్టర్ కార్తీక్ ఇష్టపడి చేసుకుంటాడు. అతని మీద ఆశ పెట్టుకున్న మోనిత, అతనికి పిల్లలు పుట్టరని నమ్మిస్తుంది. అందుకే దీప నీళ్లోసుకుంటే అతనికి అనుమానం. ఆమె ఇల్లు విడిచి, వంటలు చేసి బతుకుతూ సౌర్యను పెంచుతుంది. కవలల్లో రెండో పిల్ల హిమ మాత్రం కార్తీక్ దగ్గరే పెరుగుతుంది, సొంత బిడ్డని అతనికి తెలియదు.

పట్నంలో చదువుకున్న పిల్లలంతా అడిగే ప్రశ్న ఒకటే: డాక్టరే గదా, ఒక్క డీఎన్ఏ పరీక్ష చేయించుకుంటే అయిపోదా? ఈ మాట అనేసి లోపలికి వెళ్లిపోతారు, కథ తేలిపోయిందన్నట్టు. చాటల దగ్గర ఆ ప్రశ్నను ఎవరూ కొట్టిపారేయలేదు, రోజుల తరబడి నమిలారు. ఒకామె, మోనిత పరీక్షను కూడా మార్చేస్తదన్నది. ఇంకొకామె, అతనికి తల్లి మీద కూడా నమ్మకం లేదన్నది. చివరికి ఒక పెద్దవ్వ దారం పళ్లతో తెంపుతూ అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. "చేయించుకుంటే అనుమానం పోతది పిల్లా. అనుమానం పోతే తప్పు ఎవలదో తేలుతది. అందుకే చేయించుకోడు."

సినిమాల మీద, నవలల మీద పెద్దవాళ్లు రాసిన విమర్శలు చాలా చదివాను. ఒక పాత్ర మనసును ఇంత తక్కువ మాటల్లో విప్పిన వాక్యం వాటిలో అరుదుగా దొరికింది.

ఈ మాటకు మా దగ్గర ఇంత బరువు ఎందుకంటే, ఇవి గల్ఫ్ పోయిన మగవాళ్ల ఊళ్లు. దుబాయ్, మస్కట్, సౌదీ. మొగుడు రెండు మూడేళ్లకోసారి వచ్చి పోతాడు. నడుమ ఉన్నదంతా ఫోనే. ఫోన్ ఎత్తకపోతే ఎక్కడికి పోయినవు, ఎత్తితే ఎవలతో మాట్లాడుతున్నవు. ఈ బాధను సొంత పేరు మీద వాకిట్లో చెప్పుకోవడం ఏ ఆడదానికైనా కష్టం. దీప పేరు మీద చెప్పొచ్చు. "ఎవడో చెప్పిండని నమ్ముతడా? అడగొద్దా దాన్ని?" అని ఒక చెల్లె గొంతు పెంచి అన్నప్పుడు, ఆమె ఎవరి గురించి అంటున్నదో అక్కడున్న అందరికీ తెలుసు. ఒక్కరు కూడా ఆమె ముఖంలోకి చూడలేదు. అందరూ దీప గురించే జవాబు చెప్పారు. ఆ మర్యాదను నేను గొప్ప విద్య అంటాను.

ఈ వాదనకు రాయని కట్టుబాట్లు ఉన్నాయి. మొదటిది: ఎవరికి ఏ సంగతి ఎప్పుడు ఎరుకైందో ముందు తేల్చాలి. "ఆ ముచ్చట దీపకు అప్పటికి ఎర్కనా?" అని అడగకుండా తీర్పు చెప్పనివ్వరు. ఎరుక లేనిదానికి తప్పు పట్టరు, ఎరుకైనాక ఊకున్నదానికి వదిలిపెట్టరు. పాత ఎపిసోడ్ గుర్తున్నామె సాక్షి. కరెంటు పోయి చూడనామె విని కూచోవాలి. కార్తీకంలో లింబాద్రి గుట్ట జాతరకు ఆర్మూర్ దిక్కు నుంచీ మెట్‌పల్లి దిక్కు నుంచీ చుట్టాలొస్తే కొత్త వాదనలు దిగుతాయి, తేలిన కేసులు మళ్లీ తెరుచుకుంటాయి. "రేటింగు కోసం సాగదీస్తున్నరు" అనే మాటకు మాత్రం ఇక్కడ విలువ లేదు. నిజమే కావచ్చు. కానీ ఆ మాట అన్నాక ఇంక మాట్లాడుకోవడానికి ఏముంటుంది?

మా జిల్లా పల్లెల్లో గ్రామాభివృద్ధి కమిటీల పెత్తనం పేపర్లు చదివేవాళ్లకు తెలిసిందే. ఆలుమగల తగాదా కూడా పంచాయితీకి ఎక్కుతుంది. ఆడదాని బతుకు మీద తీర్పు చెప్పే ఆ గద్దెల మీద ఆడవాళ్లు కూచోవడం నేను చూడలేదు. సీరియల్ ముచ్చట అంటే ముఖం చిట్లించే మగవాళ్లతో నాకు కోపం వచ్చేది ఇక్కడే. సాక్ష్యం అడగడం, రెండు దిక్కులా వినడం, కోపంలో అన్న మాటనూ కడుపులో దాచుకున్న మాటనూ వేరు చేయడం చాటల దగ్గర రోజూ జరుగుతున్నది. అయినా ఊరు ఈ ఆడవాళ్లను పంచాయితీకి పిలవదు.

ఇదేమీ టీవీతో పుట్టిన అలవాటు కాదు. బోధన్ దిక్కు చిందుల ఎల్లమ్మ లాంటివాళ్లు చిందు భాగోతం ఆడిన కాలంలోనూ, ఆట చూసొచ్చినవాళ్లు హరిశ్చంద్రుడు పెండ్లాన్ని అమ్ముడు న్యాయమేనా అని కొట్లాడుకునే ఉంటారు. మా అమ్మ కాలంలో మంజులా నాయుడు తీసిన 'చక్రవాకం', 'మొగలిరేకులు' మీద వాదించారు. కాకపోతే 'కార్తీక దీపం'లో ఇంకొక పుండు ఉంది, రంగు. నల్లపిల్ల అంటే పెళ్లిచూపుల్లో కట్నం పెరుగుతుందని ఇక్కడ ప్రతి తల్లికీ తెలుసు. అందుకే అత్త సౌందర్య మారడం మీద జరిగినంత చర్చ దేని మీదా జరగలేదు. మొదట నలుపంటేనే గిట్టనామె తర్వాత కోడలి కోసం కొడుకుతోనే పోట్లాడుతుంది. మనసు మారిందా, మనుమరాళ్ల కోసం మారినట్టుందా? ఆడపిల్లల తల్లులు మారిందన్నారు. కోడళ్లు నమ్మలేదు.

మోనితకు కూడా ఇక్కడ వకీలు ఉండేది. ఒక కాలేజీ పిల్ల, "దానికి ఎవలన్నా చెప్పిండ్రా, నీకు ఇంకో బతుకున్నదని?" అన్నది. అందరూ ఆ పిల్ల మీద విరుచుకుపడ్డారు. కానీ రెండు రోజుల తర్వాత అదే మాటను తిట్టినవాళ్లలో ఒకామె తన మాటలాగా చెప్తుంటే విన్నాను.

2022 మార్చిలో దీప, కార్తీక్ ప్రమాదంలో చనిపోయినట్టు చూపించి, కథను పెరిగి పెద్దయిన సౌర్య, హిమల మీదికి మళ్లించారు. చూసేవాళ్లు తగ్గారు. ఆ ఏడాదే ఇద్దరినీ మళ్లీ తీసుకొచ్చారు. చానెల్‌కు లెక్క అందింది, కారణం అందిందో లేదో. మా వాడలో టీవీ కట్టేసినవాళ్ల కోపం చావు మీద కాదు. అన్నేళ్లు ఆమెను అనుమానించినవాడు, చేసిన తప్పుకు పూర్తిగా జవాబు చెప్పకుండానే పోయాడు. కేసు నడుమనే కొట్టేసినట్టయింది. రాసేవాళ్లు ఒక్కరోజు వచ్చి ఈ వాకిట్లో కూచుంటే ఆ సంగతి వాళ్లకు ఉచితంగా తెలిసేది.

2024 మార్చిలో అదే జంటతో 'కార్తీక దీపం: ఇది నవ వసంతం' మొదలైంది. పేర్లు అవే, కథ వేరు. అయినా పాత కేసు ఇంకా మూసుకోలేదు. దీప కార్తీక్ ఇంటికి తిరిగి పోవాల్సిందా, వద్దా? నా పక్షం చెప్తాను. ఎంతమంది ముందర ఆమెను తప్పుబట్టాడో అంతమంది ముందర తన తప్పు ఒప్పుకునేదాకా పోవద్దు. ఈ మాట పోయిన వారం వాకిట్లో అన్నాను. పెద్దవ్వ ఒప్పుకోలేదు.

"ఆమె వంట చేసుకుని బతుకుతున్నది గదా బిడ్డా. ఆమె ఎందుకు పోవాలె? వాన్నే రమ్మను, ఆమె ఇంటికి."