ఒక బాలుడి గొంతు, అనేక రూపాల ఆటిజం: మార్క్ హ్యాడన్ నవల పరిశీలన

1. ప్రవేశిక

మాటలు రాని బిడ్డను, ధారాళంగా మాట్లాడినా ఎదుటివారి మాటలోని అంతరార్థం గ్రహించలేని బిడ్డను నేటి వైద్యశాస్త్రం ‘ఆటిజం స్పెక్ట్రమ్ డిజార్డర్’ అనే ఒకే పేరుతో గుర్తిస్తున్నది. 1943లో లియో కానర్ పదకొండు మంది పిల్లలను పరిశీలించి ఈ స్థితిని వర్ణించాడు. మరుసటి ఏడాది హన్స్ ఆస్పెర్గర్ మాట బాగా వచ్చిన పిల్లలలోనూ ఇటువంటి లక్షణాలను గుర్తించాడు. ఈ భేదాలన్నింటినీ ఒక వర్ణపటంగా చూడాలన్న ఆలోచనకు లోర్నా వింగ్ పరిశోధనలు బలం చేకూర్చాయి. 2013లో వెలువడిన డి.ఎస్.ఎం.-5 విడి పేర్లను తొలగించి, అవసరమైన తోడ్పాటును బట్టి మూడు స్థాయిలను నిర్దేశించింది. ఇంతటి వైవిధ్యాన్ని ఒక్క పాత్ర ద్వారా గ్రహించడం సాధ్యమా అనే ప్రశ్నకు మార్క్ హ్యాడన్ ఆంగ్ల నవల ‘ద క్యూరియస్ ఇన్సిడెంట్ ఆఫ్ ద డాగ్ ఇన్ ద నైట్-టైమ్’ (2003) తగిన ఆధారం.

2. లోపలి నుంచి కథనం

కథకుడు పదిహేనేళ్ల క్రిస్టఫర్. అధ్యాయాలకు ప్రధాన సంఖ్యలను వేస్తాడు. రూపకాలను అబద్ధాలంటాడు. పొరుగింటి కుక్క చనిపోయిన చోట పోలీసు వెంటవెంటనే ప్రశ్నలు వేయగా తట్టుకోలేక నేలపై ముడుచుకుంటాడు. చేయి పట్టి లేపబోయిన ఆ పోలీసును కొడతాడు. బయటివారికి ఇది మొండితనం, పొగరు. ఆ ప్రశ్నల ఒత్తిడిని, స్పర్శ కలిగించే బాధను క్రిస్టఫరే చెప్పడంవల్ల పాఠకునికి ఆ చర్య వెనుకనున్న కారణం తెలుస్తుంది. లండన్ రైల్వేస్టేషన్‌లో సూచికల అక్షరాలు పుటపై కలగాపులగం కావడం కూడా ఇంద్రియాల ఉక్కిరిబిక్కిరిని కళ్లకు కడుతుంది. నవల సాధించిన ప్రధాన విజయం ఇదే.

3. గొంతు లేని తోటి పిల్లలు

క్రిస్టఫర్ చదివే ప్రత్యేక పాఠశాలలో ఇతర పిల్లలూ ఉన్నారు. అతడు వారిని తెలివిలేనివారిగా చూస్తాడు. వారి వైపు నుంచి కథ చెప్పేవారు లేరు. పైగా, గణితంలో ‘ఎ-లెవెల్’ పరీక్షలో అత్యున్నత శ్రేణి పొందడంతో కథ ముగింపుకు వస్తుంది. తోడ్పాటు అధికంగా కావలసిన బిడ్డకు అటువంటి ముగింపు ఉండకపోవచ్చు. అసాధారణ ప్రతిభ ఆటిజం ఉన్నవారిలో కొందరికే ఉంటుంది. దానినే గుర్తుగా భావిస్తే, ఆ ప్రతిభ లేని బిడ్డ తల్లిదండ్రులకు మిగిలేది నిరాశ.

అయితే ఈ దోషాన్ని పూర్తిగా రచయితకు ఆపాదించలేము. నవల లోపల ‘ఆటిజం’ అనే మాట ఎక్కడా కనిపించదు. క్రిస్టఫర్‌ను ఒక స్థితికి ప్రతినిధిగా నిలబెట్టినది ప్రధానంగా ప్రచారం, పఠనం.

4. ముగింపు

ఈ నవల ఒక బాలుడిని అర్థం చేయిస్తుంది. వర్ణపటాన్ని అర్థం చేసుకోవడానికి అది ఒక్కటే చాలదు. భారతదేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని 21 వైకల్యాలలో ఒకటిగా గుర్తించింది. చట్టం ఇచ్చిన ఆ గుర్తింపుకు సాహిత్యం తోడు కావాలంటే, మాట్లాడలేని బిడ్డ సైగ, కేక, మౌనం కూడా కథనంలో భాషగా చోటు పొందాలి. తెలుగులో ఇటువంటి పాత్రలను సృష్టించే రచయితలు, వాటిని పరిశీలించే విమర్శకులు ఈ నవల బలంతోపాటు దాని పరిమితినీ గమనించడం అవసరం.